చిన్న పికప్ బెడ్‌లో క్యాంపింగ్ సామాను మొత్తం పట్టేలా సర్దడం ఎలా

పికప్ ట్రక్కు వెనకాల బెడ్, అంటే సామాను వేసే తొట్టి, ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే అబ్బో ఎంత చోటో అనిపిస్తుంది, అన్నీ పడేసి పైన తాడు కట్టేద్దాంలే అనుకుంటాం, తీరా ఐస్ బాక్సు, టెంటు, నాలుగు కుర్చీలు, ఒక టేబుల్ ఎక్కించేసరికి నిండిపోతుంది, పక్కబట్టలూ వంట సామానూ నీళ్ళ క్యాన్లూ బట్టల బ్యాగులూ ఇంకా కిందే ఉంటాయి. అక్కణ్ణుంచి ఒకదాని మీద ఒకటి ఎత్తుగా పేర్చడం, పైన టార్పాలిన్ కప్పడం, రోడ్డెక్కాక అది పటపటా కొట్టుకోవడం, ఇదీ వరస. నన్నడిగితే చిన్న బెడ్‌లో ముందు అయిపోయేది నేల, అంటే అడుగున చదునుగా ఉండే చోటు. పైన ఎత్తు ఎప్పుడూ కాస్తో కూస్తో మిగిలే ఉంటుంది. ఏ వస్తువుకి నేల మీద చోటివ్వాలి, దేనికి అస్సలు ఇవ్వకూడదు అన్నది ముందే తేల్చుకుంటే మిగతాదంతా దానంతటదే కుదురుతుంది.

ముందు టేపు పట్టుకుని బెడ్ కొలవండి. బ్రోషర్లో రాసిన వెడల్పు చాలాసార్లు పై గోడల మధ్య ఉండేది, మనకి కావాల్సింది చక్రాల దగ్గర లోపలికి ఉబ్బుకొచ్చే ఆ రెండు గుబ్బల మధ్య ఉండేది. ఫోర్డ్ మావెరిక్ లాంటి బాగా చిన్నవాటిలో బెడ్ పొడవు 4.5 అడుగులు, టొయోటా టకోమాలో 5 అడుగులదీ 6 అడుగులదీ రెండూ ఉంటాయి, నాలుగు తలుపుల క్యాబిన్ ఉన్న చిన్న పికప్పులు ఎక్కువగా ఈ 5 అడుగుల చుట్టూనే తిరుగుతాయి. గుబ్బల మధ్య వెడల్పు చాలావాటిలో సుమారు 40 నుంచి 45 అంగుళాలు, అందుకే వాటిలో 4 అడుగుల వెడల్పున్న ప్లైవుడ్ షీటు కిందకంటా దిగదు, గుబ్బల మీదే ఆగిపోతుంది. పొడవు, గుబ్బల మధ్య వెడల్పు, గుబ్బల ఎత్తు, గుబ్బకి ముందూ వెనకా మిగిలే సందులు, గోడల ఎత్తు, ఈ ఐదూ ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. టెయిల్‌గేట్, అంటే బెడ్ వెనక తలుపు, మూసినప్పుడు దాని లోపలి వైపు ఎక్కడిదాకా వస్తుందో కూడా చూడండి, ఒక అంగుళం తేడాకే డబ్బా పట్టక తలుపు పడదు.

ఆ కొలతలతో ఇంట్లో నేల మీద మాస్కింగ్ టేపు అంటించి బెడ్ బొమ్మ వేసుకోండి, గుబ్బలు వచ్చేచోట కూడా రెండు దీర్ఘచతురస్రాలు టేపుతోనే వేసి వాటిల్లో పాత అట్టపెట్టెలో దిండ్లో పెట్టెయ్యండి. ఇప్పుడు సామానంతా తెచ్చి ఆ గీతల లోపల సర్దడం మొదలుపెట్టండి. ఇది చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు, ట్రక్కు చుట్టూ తిరుగుతూ గోడ మీంచి వంగి నడుం పట్టించుకోవడం కన్నా నేల మీద కూర్చుని అటూ ఇటూ జరపడం ఎంత హాయో. గోడల ఎత్తు గుర్తుండేలా పక్కన గోడ మీద కూడా ఒక టేపు ముక్క అంటించుకోండి, ఏది దాన్ని దాటిందో వెంటనే కనిపిస్తుంది. ఇదంతా బయల్దేరే రోజు పొద్దున్న చెయ్యొద్దు, వారం ముందు తీరిగ్గా చేస్కోండి, ఏమన్నా పట్టకపోతే అప్పుడే తెలుస్తుంది.

డబ్బాల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చోటు వృథా అయ్యేది ఇక్కడే. ఇంట్లో ఉన్న రకరకాల బ్యాగులు, బకెట్లు, అట్టపెట్టెలు అన్నీ కలిపి వాడితే వాటి మధ్య మిగిలే గాలికే సగం బెడ్ పోతుంది. ఒకే సైజు డబ్బాలు తీసుకోండి, గోడలు నిటారుగా ఉండాలి, కిందకి సన్నగా దిగే రకం వద్దు, అవి పైన తగులుతాయి కింద సందు వదిలేస్తాయి. మూత చదునుగా ఉండాలి, ఒకదాని మీద ఇంకోటి పెడితే జారకుండా కూర్చోవాలి. 60 × 40 సెంటీమీటర్ల అడుగున్న డబ్బాలు గోడౌన్లలో వాడే సైజు, ఇవి చిన్న బెడ్‌కి భలే సరిపోతాయి, ఎలాగంటే చూడండి.

గుబ్బల మధ్య 107 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఎడమ పక్క డబ్బాలని అడ్డంగా పెట్టండి, అంటే వాటి 60 వెడల్పు వైపుకి, 40 పొడవు వైపుకి. అలా ముందు నుంచి వెనక్కి మూడు పెడితే 120 సెంటీమీటర్లు. కుడి పక్క నిలువుగా పెట్టండి, 40 వెడల్పు వైపుకి, 60 పొడవు వైపుకి, ఇవి రెండు పెడితే మళ్ళీ అదే 120. మొత్తం ఐదు డబ్బాలు మధ్యలో సందు లేకుండా కూర్చున్నాయి, వెడల్పులో 100 పోగా 7 సెంటీమీటర్లు మిగిలింది, ఆ సందులో మడత టేబుల్ నిలువుగా దూరుతుంది. 5 అడుగుల బెడ్ అంటే సుమారు 152 సెంటీమీటర్లు కాబట్టి టెయిల్‌గేట్ దగ్గర ఇంకో 32 మిగిలింది, 4.5 అడుగుల బెడ్ అయితే 17 మిగులుతుంది. ఆ వెనక మిగిలిన చోటే మీ రోజువారీ చోటు, మడత కుర్చీలు, స్టవ్, టార్చీలు, చేతికి వెంటనే కావాల్సినవన్నీ అక్కడ. ఐస్ బాక్సు పెద్దదైతే రెండు డబ్బాలు తీసేసి ఆ చోట్లో దాన్ని పెట్టుకోవాలి, అందుకే ఐస్ బాక్సు కొనేటప్పుడు ఎన్ని లీటర్లు అని కాకుండా అడుగు కొలత ఎంత అని అడగండి. మీ బెడ్ కొలత వేరైతే లెక్క మారుతుంది, పద్ధతి ఇదే.

ఇక ఆ గుబ్బలు. అందరూ వాటిని తిట్టుకుంటారు గానీ గుబ్బకి ముందు వైపు క్యాబిన్ గోడ దాకా, వెనక వైపు టెయిల్‌గేట్ దాకా ఇరుకైన జేబుల్లాంటి చోట్లు నాలుగు వస్తాయి. సన్నగా పొడుగ్గా ఉండే నీళ్ళ క్యాన్లు, టూల్స్ చుట్టిన సంచి, టెంటు మేకులూ సుత్తీ ఉన్న సంచి, స్ట్రాప్‌లు, చిన్న పార ఇవన్నీ అక్కడికి. గుబ్బల పైన ఉండే చదును మీద పొడుగు వస్తువులు, అంటే టెంటు పోల్స్, చేపల గాలం కర్రలు, టార్ప్, అంటే నీడకీ వానకీ పైన కట్టుకునే పట్టా, నిలబెట్టే రాడ్లు, గోడకి ఆనించి పడుకోబెట్టి కట్టేయండి.

కొంచెం వడ్రంగం వచ్చినవాళ్ళు గుబ్బల ఎత్తులో ఒక ప్లైవుడ్ అరుగు వేసుకుంటారు, కింద డబ్బాలు, పైన మెత్తటి సామాను. బాగానే ఉంటుంది, పైగా కొన్ని ట్రక్కుల బెడ్ గోడల్లో అడ్డంగా చెక్కలు దూర్చడానికి కంపెనీవాళ్ళే గాడులు ఇస్తారు, స్క్రూ కూడా అక్కర్లేదు. కానీ ఒక మాట, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 4 × 8 అడుగుల షీటు ఒక్కటే 30 కేజీల చుట్టూ తూగుతుంది, దానికి డ్రాయర్లూ స్లైడర్లూ తగిలిస్తే సామాను ఎక్కకముందే ట్రక్కు బరువెక్కిపోతుంది. 12 మిల్లీమీటర్లది వేసి కింద రెండు అడ్డపట్టీలు ఎక్కువ కొట్టుకుంటే చాలావరకు సరిపోతుంది. అందమైన డ్రాయర్ల వీడియోలు చూసి మనసు పారేసుకునే ముందు డ్రాయర్ బయటికి లాగితే వెనకాల ఎంత చోటు కావాలో, దాని కింద చేరిన ఇసక ఎవరు ఊడుస్తారో ఆలోచించండి.

బరువు దగ్గరికి వచ్చాం కాబట్టి అదీ తేల్చేద్దాం. డ్రైవర్ తలుపు తెరిస్తే అది మూసుకునే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది, టైర్లలో గాలెంత, చాలా బండ్ల మీద మొత్తం ఎంత బరువు వెయ్యొచ్చు అని కూడా ఉంటుంది, లేకపోతే బండి మాన్యువల్‌లో చూడండి, అనుమతించిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మీ వాటా వస్తుంది. చాలామంది మర్చిపోయేది ఏంటంటే ఆ అంకెలో మనుషులు కూడా ఉన్నారు. ఉదాహరణకి 600 కేజీలు అనుకోండి, నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 300 అక్కడే పోయింది, బెడ్ మీద ఫైబర్ క్యానపీ, అంటే గట్టి పైకప్పు గూడు, బిగించి ఉంటే ఇంకో 80, ప్లైవుడ్ అరుగు 40, మిగిలింది 180. ఇందులో 40 లీటర్ల నీళ్ళు అంటే 40 కేజీలు, నిండిన ఐస్ బాక్సు ఇంకో 40, పైన రూఫ్‌టాప్ టెంటు ఉంటే 50 నుంచి 80. లెక్క చూశారు కదా, బెడ్ ఇంకా ఖాళీగా కనిపిస్తూనే ఉంటుంది, బండి మాత్రం నిండిపోయింది. నీళ్ళు దిగే చోట దొరుకుతాయని ఖాయంగా తెలిస్తే ఇంటి దగ్గర్నుంచి మొయ్యక్కర్లేదు, దారికి సరిపడా పెట్టుకుని అక్కడికి దగ్గర్లో నింపుకోండి.

బరువు ఎంత అన్నదెంత ముఖ్యమో ఎక్కడ అన్నదీ అంతే ముఖ్యం. చిన్న పికప్పులో వెనక యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, దాటాక కూడా బెడ్ కొంత వెనక్కి వేలాడుతూ ఉంటుంది, ఆ వేలాడే భాగంలో బరువు పెడితే అది వెనక చక్రాల మీద పడటమే కాకుండా ముందు చక్రాలని పైకి లేపుతుంది, స్టీరింగ్ తేలికైపోతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొడతాయి. కాబట్టి నీళ్ళు, టూల్స్, డబ్బాల్లో బరువైనవి, బ్యాటరీ, ఇవన్నీ క్యాబిన్ గోడకి ఆనించి కింద వరసలో. వెనక్కి వచ్చేకొద్దీ, పైకి వెళ్ళేకొద్దీ తేలికవి. ఎడమ కుడి సమానంగా ఉందో లేదో కూడా చూస్కోండి, 20 లీటర్ల క్యాన్లు రెండూ ఒకే పక్క పెట్టేస్తే బండి అటు ఒరుగుతుంది.

సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి తేలికైన పద్ధతి ఉంది. సామాను ఎక్కించకముందు నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఎక్కించాక, మనుషులు కూడా కూర్చున్నాక మళ్ళీ కొలవండి. వెనక కొంచెం దిగడం మామూలే. ముందు అంచు ఇంతకు ముందు కన్నా పైకి లేచిందంటే మాత్రం బరువు వెనక్కి ఎక్కువైంది, ఐస్ బాక్సు లాంటిదొకటి ముందుకి జరపాలి. టైర్లలో గాలి నిండు లోడుకి చెప్పినంత పెట్టించండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడే. లైట్ల ఎత్తు తగ్గించే చక్రం డ్యాష్‌బోర్డు మీద ఉంటే అదీ తిప్పుకోండి.

ఇప్పుడు మెత్తటి సామాను. స్లీపింగ్ బ్యాగులు, దుప్పట్లు, బట్టలు, ఇవేవీ నేల మీద చోటు అడగకూడదు, ఇది గట్టిగా పట్టుకోవాల్సిన రూలు. స్లీపింగ్ బ్యాగుని దాని చిన్న సంచిలో కుక్కి ఫుట్‌బాల్లా చేస్తే అది చిన్నగా అయినట్టే ఉంటుంది గానీ ఆ గుండ్రటి ఆకారం చుట్టూ నాలుగు మూలలా గాలి మిగులుతుంది. దానికన్నా కాస్త పెద్ద వాటర్‌ప్రూఫ్ సంచిలో వదులుగా వేసి, గాలి తీసి నోరు చుట్టేస్తే ఏ సందులో పెడితే ఆ సందు ఆకారం వచ్చేస్తుంది, డబ్బాల మధ్య కదలకుండా ఒత్తుగా కూడా పనికొస్తుంది. ఇంట్లో ఉంచేటప్పుడు మాత్రం స్లీపింగ్ బ్యాగుని నొక్కి ఉంచొద్దు, ఈకలదైనా ఫైబర్‌దైనా నెలల తరబడి నలిగితే ఉబ్బు పోయి వెచ్చదనం తగ్గుతుంది. ఫోమ్ మ్యాట్‌లు పెద్ద సమస్య, మడవవు నొక్కవు, వాటిని డబ్బాల మూతల మీద పరిచేసి పైనుంచి స్ట్రాప్ లాగెయ్యండి. బట్టలకి చక్రాల సూట్‌కేసులు వద్దని ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, మాట వినని ఒక మనిషి ప్రతి ఇంట్లో ఉంటారు, ఆ సూట్‌కేసు వాళ్ళ కాళ్ళ దగ్గరే పెట్టండి.

టెంటుని కంపెనీ ఇచ్చిన పొడుగు సంచిలోనే పెట్టాలని ఎక్కడా లేదు. పోల్స్ వేరు, మేకులు వేరు, గుడ్డ వేరు చేస్తే పోల్స్ గోడ పక్కకి, మేకులు గుబ్బ వెనక జేబులోకి, గుడ్డ మెత్తటి సామానులోకి వెళ్ళిపోతాయి. కాకపోతే మూడు ముక్కలూ ఎక్కాయా లేదా అని బయల్దేరేముందు చూస్కోవాలి, పోల్స్ లేని టెంటు దుప్పటితో సమానం.

ఎక్కించే వరస అంటే దించే వరసకి తిరగేసి. చేరేసరికి చీకటి పడి వాన కూడా మొదలైందనుకోండి, అప్పుడు ముందు ఏం కావాలి? టార్చి, రెయిన్‌కోట్లు, టార్ప్, తర్వాత టెంటు, ఆ తర్వాతే కుర్చీలూ స్టవ్వూ. కాబట్టి టార్ప్ టెంటు కన్నా పైన ఉండాలి, టార్ప్ కట్టుకుని దాని కింద తడవకుండా మిగతావి దించుకోవచ్చు. అడుగున ఉండే డబ్బాల్లో దిగాక గానీ అక్కర్లేనివి, అంటే పొడి సరుకులు, గిన్నెలు, అదనపు బట్టలు. ప్రతి డబ్బా మీద పైనా పక్కనా రెండు చోట్ల పేరు రాసిపెట్టండి, పేర్చాక పైన రాసింది కనపడదు.

ఇక్కడే ఇంకోటి చెప్పాలి, చాలామందికి పంక్చర్ పడ్డాకే గుర్తొస్తుంది. పికప్పుల్లో స్టెప్నీ ఎక్కువగా బెడ్ కింద వేలాడుతుంది, వెనక బంపర్ దగ్గరుండే రంధ్రంలోంచి పొడుగు రాడ్ దూర్చి తిప్పితే కిందకి దిగుతుంది. ఆ రాడ్డూ జాకీ చాలా బండ్లలో వెనక సీటు కింద గానీ సీటు వెనక గానీ ఉంటాయి. ఆ సీటు మీద సీలింగ్ దాకా సామాను కుక్కేసి ఉంటే రోడ్డు పక్కన ఎండలో మొత్తం దించుకోవాలి. జాకీ, రాడ్డు, వీల్ స్పానర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా, మంటలార్పే సిలిండర్, ఇవి ఒక్క చేత్తో ఇంకే వస్తువూ కదపకుండా అందాలి.

ఐస్ బాక్సు టెయిల్‌గేట్ తెరవగానే మూత లేపేలా ఉంటే సుఖం, కానీ బరువు వెనక్కి పడుతుంది కదా అంటారు, నిజమే. మధ్యే మార్గం ఏంటంటే దాన్ని గుబ్బల మధ్య, యాక్సిల్ మీదకి వచ్చేలా పెట్టి పక్క గోడ మీంచి తియ్యడం, దానిపైన మాత్రం ఏమీ పేర్చొద్దు. నీళ్ళు పోయే బిరడా బయటి వైపుకి ఉండాలి. సామానుతో పాటు ముందురోజు రాత్రే బాక్సుని చల్లబరిచి పెడితే, లోపల ఖాళీ లేకుండా నింపితే ఐస్ చాలాసేపు ఉంటుంది, చిన్న ముక్కల కన్నా పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది. 12 వోల్టుల ఫ్రిజ్ పెట్టుకునేవాళ్ళు దాని గాలి జాలీ పక్కన దుప్పట్లు కుక్కొద్దు, కంప్రెసర్‌కి గాలాడాలి.

కట్టడం గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్తాను, కొక్కేలున్న ఎలాస్టిక్ తాళ్ళు సామాను కట్టడానికి కాదు. అవి సాగుతాయి, సడన్ బ్రేకు వేస్తే సామానుతో పాటు అవీ సాగుతాయి, పైగా ఊడితే కొక్కెం నేరుగా మొహానికొస్తుంది. టార్పాలిన్ అంచు నొక్కిపెట్టడానికి వాడుకోండి, అంతవరకే. బరువైన వాటికి మీట ఆడించి బిగించే రాచెట్ స్ట్రాప్, డబ్బాలకీ ఐస్ బాక్సుకీ మామూలు బకిల్ స్ట్రాప్ చాలు, ఎందుకంటే రాచెట్‌తో ప్లాస్టిక్ డబ్బాని లాగితే మూత విరుగుతుంది. స్ట్రాప్ లేబుల్ మీద రెండు అంకెలుంటే చిన్నదాన్నే నమ్మండి, పెద్దది తెగిపోయే బరువు. కొక్కేలు బెడ్‌లో ఉన్న ఇనుప రింగులకే తగిలించాలి, ప్లాస్టిక్ అంచులకి కాదు, ఒక్కో రింగు ఎంత లాగుడు తట్టుకుంటుందో మాన్యువల్లో ఉంటుంది. స్ట్రాప్ రోడ్డు మీద జుయ్యిమని మోగుతుంటే దాన్ని కట్టేటప్పుడే ఒకటి రెండు మెలికలు తిప్పండి, గాలికి అదరడం ఆగిపోతుంది. ఎండకి రంగు వెలిసి అంచులు పీచులు లేచిన స్ట్రాప్‌ని దాచుకోకండి, పారెయ్యండి.

ముందుకి జారడం ఆపడమే అన్నిటికన్నా ముఖ్యం, అందుకే డబ్బాల వరస క్యాబిన్ గోడకి తగిలి ఉండాలి, మధ్యలో అర అడుగు ఖాళీ ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ మొత్తం వరస వెళ్ళి ఢీకొడుతుంది. తేలికైన వస్తువులకి గాలి భయం. బెడ్‌లో గాలి సుడి తిరుగుతుంది, ఖాళీ డబ్బా మూత, ఫోమ్ మ్యాట్, ప్లాస్టిక్ సంచి, ఇలాంటివి లేచి వెనక వచ్చేవాళ్ళ అద్దం మీద పడతాయి. గోడ ఎత్తు దాటిన ప్రతిదానికీ పైన వల గానీ అడ్డంగా స్ట్రాప్ గానీ ఉండాలి. బయల్దేరాక 30, 40 కిలోమీటర్లకి ఒకసారి ఆపి అన్నీ లాగి చూడండి, కుదుపులకి సామాను సర్దుకుని స్ట్రాప్‌లు వదులవుతాయి, మట్టి రోడ్డు దిగిన ప్రతిసారీ కూడా.

టెయిల్‌గేట్ తెరిచి ఉంచి సామాను వెనక్కి చాపడం చాలామంది చేస్తారు. చేసే పనైతే నంబర్ ప్లేటు, లైట్లు మూసుకుపోకూడదు, బయటికి వచ్చిన దానికి ఎర్ర గుడ్డ కట్టాలి, ఎంత దూరం రానివ్వొచ్చో ఎక్కడి నిబంధన అక్కడిది, చూస్కోండి. నా మాట వింటే క్యాంపింగ్ సామానుకి ఆ అవసరం రాకూడదు, వచ్చిందంటే ఏదో ఒకటి ఇంట్లో వదలాలి.

బెడ్ మీద మడత కవర్ ఉన్నా సామాను తడవదని గ్యారంటీ లేదు, చాలావరకు అవి వానని ఆపుతాయి గానీ మూలల్లోంచి నీళ్ళు కారతాయి, ఇంకా ఘోరం దుమ్ము. వెళ్తున్న బండి వెనకాల గాలి పీడనం తగ్గి దుమ్ము పైకి లేచి తిరిగొస్తుంది, టెయిల్‌గేట్ చుట్టూ ఉన్న సందుల్లోంచి లోపలికి చేరుతుంది. ఆ సందులకి రబ్బరు సీల్ అంటిస్తే చాలా తేడా ఉంటుంది, పనీ ఎక్కువ కాదు. పక్కబట్టలు మాత్రం కవర్ ఉన్నా లేకపోయినా వాటర్‌ప్రూఫ్ సంచుల్లోనే. బెడ్ మూలల్లో నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటి మీద డబ్బా కూర్చోబెట్టొద్దు.

గ్యాస్, పెట్రోల్ విషయంలో రాజీ లేదు. గ్యాస్ సిలిండర్ నిలువుగా కదలకుండా కట్టాలి, క్యాబిన్‌లో వద్దు. ప్రొపేన్ గాలికన్నా బరువు, లీకైతే అడుగున పేరుకుంటుంది, కాబట్టి గాలాడని క్యానపీ లోపలా వద్దు. చిన్న గ్యాస్ డబ్బాలు 50 డిగ్రీలు దాటకుండా నీడలో ఉంచాలి, ఎండలో నల్ల కవర్ కింద ఆ వేడి తేలిగ్గా దాటుతుంది. పెట్రోల్ క్యాన్ నింపేటప్పుడు బెడ్‌లో ఉంచి నింపొద్దు, దించి నేల మీద పెట్టి నింపాలి, బెడ్‌లో పరిచే ప్లాస్టిక్ లైనర్ మీద ఉన్న క్యాన్‌కి స్టాటిక్ కరెంటు నేలలోకి పోయే దారి ఉండదు, ఒక్క నిప్పురవ్వ చాలు. స్టవ్వు టెయిల్‌గేట్ మీద పెట్టి వండుకోవడం బాగుంటుంది, వాన వచ్చిందని క్యానపీ లోపలికి మాత్రం జరపొద్దు, మంటతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా.

క్యాబిన్‌లోకి ఏమెళ్ళాలి అంటే దుమ్ము, తడి పడకూడనివి: కెమెరాలు, మందులు, కాగితాలు, పొడి బట్టలు ఒక జత. వెనక సీటు కింద చాలా బండ్లలో చోటుంటుంది, బూట్లు అక్కడ. సీటు వీపు ఎత్తు దాటి ఏదీ పేర్చొద్దు, సడన్ బ్రేకులో స్టీలు ఫ్లాస్కు కూడా తల పగలగొడుతుంది. పైన రాక్ ఉంటే తేలికైనవే ఎక్కించండి, రాక్ మీద రాసిన బరువు కదిలే బండికా ఆగిన బండికా చూస్కోండి, రెండూ వేరు, కదిలేటప్పుడు తక్కువ.

వెళ్ళేటప్పుడు సర్దింది పూర్తయ్యాక ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి, పైవరస తీసేసి కిందిది కూడా. తిరుగు ప్రయాణంలో అవే పనికొస్తాయి, ఎందుకంటే వచ్చేటప్పుడు సామాను ఉబ్బుతుంది, టెంటు తడిసి ఉంటుంది, బట్టలు మడత లేకుండా ఉంటాయి, ఎవరికీ ఓపికుండదు. దీనికోసం వెళ్ళేటప్పుడే పైన ఒక చేతి మందం ఖాళీ వదలండి. తడి టెంటుకి పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి, చెత్తకి ఒకటి విడిగా తెచ్చుకోండి, చెత్త సంచి ఖాళీ అయిన డబ్బాలో మూతపెట్టి పెట్టేస్తే వాసన రాదు.

ఇన్ని చేసినా పట్టకపోతే వదలాల్సిన వరస ఇది: ముందు టేబుల్, ఎందుకంటే టెయిల్‌గేటే టేబుల్, తర్వాత రెండో స్టవ్వు, తర్వాత మనిషికో పెద్ద దిండు, అక్కడ బట్టలు కుక్కిన సంచే దిండు. కట్టెలు ఇంటి దగ్గర్నుంచి ఎలాగూ మొయ్యొద్దు, చోటుకి చోటు పోతుంది, వాటిలో ఉండే పురుగులు కొత్త అడవికి పాకుతాయి, అక్కడ అనుమతి ఉంటే దగ్గర్లోనే కొనుక్కోండి. ఇంకా పట్టట్లేదంటే కుర్చీలు చూడండి, చేతులూ గ్లాసు పెట్టుకునే రంధ్రాలూ ఉన్న ఆ పెద్ద కుర్చీలు నాలుగు తీసుకునే చోట్లో చిన్న మడత స్టూళ్ళు ఎనిమిది పడతాయి. నీళ్ళు, ఫస్ట్ ఎయిడ్, జాకీ, పక్కబట్టలు, వీటి జోలికి మాత్రం వెళ్ళకండి.